పోరుమామిళ్ల శాసనము - బెళ్లందూరు చెరువు

క్రీ.శ. 1369 నాటి పోరుమామిళ్ల తటాక శాసనము చెరువునకు ఆరు దోషములను పేర్కొన్నది. కట్ట స్రవించుట, నేల చవుడగుట, విస్తీర్ణమునకు నీరు చాలకుండుట మొదలగునవి అవి. ఇండ్ల మురుగు అందు లేదు; నాడు చేర్పవలసిన అగత్యమును లేకుండెను.

బెంగుళూరి చెరువులు గొలుసుకట్టు చెరువులు. ఒకదాని అలుగు నీరు కాలువవెంట దిగువదానిని చేరును. ధర్మాంబుధి పూడి మెజెస్టిక్ బస్సు నిలయమైనది. పూడక మిగిలినవాని దుర్గతి వేఱు. సుమారు 900 ఎకరముల బెళ్లందూరు చెరువునకు ఎగువ ఇండ్లు పెరిగినకొలది, వానకాలువలే మురుగుకాలువలయ్యెను. అందుచే అది వేసవిలోను నిండియుండెను. ఎండకుండుటయే దాని రోగమని నా అభిప్రాయము! మురుగునందలి నత్రజని, భాస్వరము గుఱ్ఱపుడెక్కను పెంచును. అది క్రుళ్లి నీటి ప్రాణవాయువును హరించును. సబ్బుపొడుల ద్రవ్యము అలుగుకడ నురుగగును. 2015లో ఆ నురుగు బాటలపైకి ఎగసెను. 2017 ఫిబ్రవరిలో చెరువున మంటలే లేచెను. దిగువనున్న వర్తూరు చెరువు గ్రహించినది ఆ నీటినే.

2018 నుండి ఆ లోయ మురుగును శుద్ధిచేసి కోలారు జిల్లా చెరువులకు పంపుచున్నారు. అచటి రైతులలో తెలుగు మాటలాడువారు అనేకులు. రెండవ దశతో ఆగిన శుద్ధి నత్రజని, భాస్వరములను పూర్తిగ తొలగింపజాలదు. ఆ చెరువుల నీరు ఇంకి చేరునది వారి బావులకే.