పేకాటలో పైచేయి ఎవరిది?

పండుగ సెలవులలో మన క్యాంపులలో పేక కట్ట బయటికి రావటం కొత్త కాదు. తుంగభద్ర నీటితో పండించిన వరి డబ్బు అందులో ఎంత పోయిందో పోగొట్టుకొన్నవారికే తెలుసు. అంతా అదృష్టమని మనం సరిపెట్టుకొంటాము. కాని మొదటి ముక్క పడకమునుపే ఆటలో కొంత మేలు ఒక పక్షానికి ఏర్పడి ఉంటుంది.

ఈ విషయం మన పూర్వులు ఎరుగనిది కాదు. భారతంలోని అరణ్యపర్వంలో, జూదంలో రాజ్యం పోగొట్టుకొన్న నలుడు ఋతుపర్ణునికి సారథి అయినాడు. ఋతుపర్ణుడు దారిలో ఒక తాండ్రచెట్టును చూచి, దాని ఆకులు, కాయలు ఇన్నియని చెప్పగా, నలుడు లెక్కించి ఆశ్చర్యపడినాడు. అశ్వహృదయానికి మారుగా అక్షహృదయం గ్రహించి, పుష్కరుని గెలిచినాడు. లెక్క ఎరిగినవాని వైపుకు మేలు మరలుతుందన్నమాట.

మనవారు లోన-బయట అనే ఆటనే చూడండి. ఒక ముక్క తెరిస్తే 51 మిగులుతాయి; వాటిలో దానికి జోడు ముక్కలు మూడు. ఆ మూడు కట్టలో 20,825 విధాలుగా ఉండవచ్చును. వాటిలో 10,725 విధాలు మొదటి ముక్క పడే పక్కకు, 10,100 రెండవ పక్కకు గెలుపునిస్తాయి. రూపాయికి రూపాయి చెల్లిస్తే మొదటి పక్క కాసినవానికి నూటికి మూడు రూపాయల మేలు. ఆట నడిపేవాడు ఆ పక్క గెలుపుకు 90 పైసలే ఇస్తే, కాసినవానికి నూటికి సుమారు రూ. 2-15 నష్టం. పది పైసలతో మేలు చేతులు మారింది! వంద రూపాయల చొప్పున యాభై పందాలు కాస్తే సగటున నూట ఏడు రూపాయలు పోతాయి.

అమెరికాలో బ్లాక్‌జాక్ అనే ఇరవైయొకటి ఆటలోనూ ఇంతే. ఆటగాడు ముందు ఆడాలి. 21 దాటితే, తరువాత ఆట నడిపేవాడు దాటినా సరే, అతని పందెం పోయినట్లే. ఇల్లు సంపాదించే మేలుకు ఇదే మూలం. కాని పడిన ముక్కలు తిరిగి కట్టలో కలవవు గనుక, మిగిలినవాటిలో ఆసులు, పదులు ఎక్కువైతే మేలు ఆటగాని వైపు వస్తుంది. ఎడ్వర్డ్ థోర్ప్ అనే గణితవేత్త దీనిని కంప్యూటరుతో లెక్కగట్టి 1962లో పుస్తకం ప్రకటించినాడు. వెంటనే జూదగృహాలు మేల్కొన్నాయి. 1964లో లాస్ వేగాస్ వారు నిబంధనలనే మార్చి, ఆటగాళ్లు తగ్గిపోగా కొద్ది వారాలలో వెనుకకు తీసుకొన్నారు. తరువాత కట్టల సంఖ్య పెంచినారు. లెక్క ఆటగాడు నేర్చినా, నిబంధన రాసే కలం ఇంటివారి చేతిలోనే ఉన్నది.

మన ప్రాంతపు చట్టచరిత్రలోనూ ఈ మాటే కనబడుతుంది. 1956 వరకు రాయచూరు కూడా హైదరాబాదు రాష్ట్రంలోనిదే. ఆ రాష్ట్రపు 1305 ఫసలీ జూద చట్టం కింద సికిందరాబాదు క్లబ్బుపై వచ్చిన కేసులో, 1967 నవంబరులో సుప్రీంకోర్టు, పడిన ముక్కలు జ్ఞాపకముంచుకోవలసిన రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆటయని చెప్పింది. అయితే ఇల్లు నడిపేవాడు ఆట మీద లాభం తీస్తే నేరం కావచ్చునని కూడా హెచ్చరించింది.

కనుక సోదరులారా, ఎవరైనా మిమ్ములను ఆటకు పిలిస్తే ముక్కల కంటె ముందు నిబంధనలు చూడండి. ఎవరు ముందు ఆడతారు, గెలిస్తే ఎంత ఇస్తారు, కోత ఎవరికి పోతుంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే, పంట డబ్బు ఇంట ఉంచటమే పైచేయి అని తేలుతుంది.