బూట్ బొమ్మ దాచేది

లినక్స్ మొదట్లో లేస్తూనే తెర నిండా అక్షరాలు దొర్లించేది. 2008లో ఫెడోరా 10తో ఆ అక్షరాల మీద బొమ్మ కప్పే ప్లిమత్ అనే ప్రోగ్రామ్ వచ్చింది, 2010లో ఉబుంటు 10.04 కూడా దాన్నే పెట్టుకుంది. ప్లిమత్ థీమ్ మార్చినా పాత బొమ్మే వస్తే కొత్తవాళ్లు థీమ్‌నే అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు దానిది కాదు. అసలు డిస్క్ అందకముందే బొమ్మ పడాలి కనుక దాని నకలు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే తొలి బూట్ ఫైల్‌లో ఉంటుంది. ఉబుంటులో ‘సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు’ కొట్టేదాకా పాత నకలే లేస్తుంది.

బొమ్మ కోసం ఇంత తంటా అవసరమా? అక్షరాలు చూస్తే కొత్తవాళ్లు హడలిపోతారన్నది నిజమే. స్వేచ్ఛ సంస్థ డెస్క్‌టాప్‌ను తెలుగులోకి తెచ్చినా కెర్నెల్ మాట్లాడేది ఇంగ్లీషే. అయినా బొమ్మను నమ్ముకోవడం మంచిది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ప్రాంతం చీకట్లో పడింది. అలా ఉన్నట్టుండి కరెంటు పోయిన సిస్టమ్ మళ్లీ లేస్తూ డిస్క్‌ను తనిఖీ చేసుకుంటుంటే, బొమ్మ దాన్ని కప్పేయొచ్చు. చూసేవాళ్లు బిగుసుకుపోయిందనుకుని మళ్లీ పవర్ నొక్కేస్తారు. ఎస్కేప్ నొక్కితే సాధారణంగా అసలు సంగతి తెరపైకి వస్తుంది. ఎప్పుడూ కనబడాలంటే బూట్‌లోడర్ గ్రబ్ సెట్టింగుల్లో ‘క్వైట్ స్ప్లాష్’ తీసేసి, ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ కొట్టాలి.