వెండితెరకు వెలుగు

సినిమా చూచునపుడు మన దృష్టి తెరపైననే నిలుచును. వెనుక గదిలోని దీపమును గూర్చి గాని, దానిని మార్చు మనిషిని గూర్చి గాని తలచువారరుదు. ఆ దీపముల చరిత్రను శ్రోతలకు కొంత వినిపింపదలచితిమి.

17వ శతాబ్దిలో హాలెండు శాస్త్రజ్ఞుడు హైగెన్సు మాయాలాంతరును రూపొందించిననాడు అందు వెలిగినది చిన్న దీపమే. 19వ శతాబ్ది ప్రథమ పాదమున సున్నపు దీపము వచ్చెను. ప్రాణవాయువు, ఉదజని కలిసి మండు జ్వాలను సున్నపు ముక్కపై నిలిపినచో, అది కాగి తెల్లగా ప్రకాశించును. 1825లో డ్రమండు అను ఇంజనీరు ఐర్లండు సర్వేలో దూరపు కొండల నడుమ సంకేతములకు దీనినే వినియోగించెను. పిమ్మట కొందరు ఉదజనికి బదులు ఈథరు ఆవిరిని వాడసాగిరి.

1897 మే 4వ తేదీన పారిసులో ధర్మకార్యమునకై ఏర్పరచిన ఒక సంతలో చలనచిత్రములు చూపుచుండిరి. దీపములో ఈథరు తరిగిపోయెను. తిరిగి నింపుచుండగా, చీకటిలో కానరాక, సహాయకుడు అగ్గిపుల్ల గీచెను. ఆవిరి భగ్గున అంటుకొనెను. కొయ్యతోను, గుడ్డతోను కట్టిన ఆ శాల కొలది నిమిషములలో దగ్ధమయ్యెను. 120 మందికి పైగా మరణించిరి. వారిలో అత్యధికులు స్త్రీలు. ఆస్ట్రియా మహారాణి సోదరియు అందొకరు.

తరువాత సినిమాశాలలను కార్బను ఆర్కు దీపము ఏలినది. రెండు కార్బను కడ్డీల కొనల నడుమ విద్యుత్తు ప్రజ్వరిల్లును. కడ్డీలు కాలి తరుగుచుండును గనుక వాని నడిమి యెడమును ఆపరేటరు సరిచూచుచుండవలెను. మన టూరింగు టాకీసులలో తెర మసకబారగానే ఈలలు వేసిన వారెందరో! ఆ వేడి గదిలో కడ్డీలు సవరించుచున్న మనిషి వారికి కానరాడు.

1950 దశకమున జెనాన్ దీపము ప్రవేశించెను. ఇందు కడ్డీల బాధ లేదు. కాని దాని క్వార్ట్జు బుడ్డిలోని వాయువు దీపము చల్లారినపుడును అధిక పీడనముతోనే యుండును. కావున వెలిగిన గంటలు లెక్కించి, గడువు మీరకుండ మార్చవలెను. మార్చునపుడు ముఖకవచము, చేతితొడుగులు తప్పనిసరి. వ్రేలి జిడ్డు అంటినను ఆ చోట బుడ్డి వేడికి బలహీనపడి పగులవచ్చును.

నేడు పెక్కు థియేటర్లలో లేజరు కాంతి వచ్చి, తరచు దీపము మార్చు పనిని తప్పించినది. అయినను కంటికి హాని చేయగల ఆ కిరణమునకును కాపలా కావలెను. దీపము మారిన ప్రతిసారియు అపాయము రూపు మారినదే గాని, జాగరూకుడైన మనిషి అవసరము తీరలేదు. ఈమారు ఆట ముగిసి లేచునపుడు, ఆ చిన్న కిటికీ వంక ఒక్కసారి తిరిగి చూతము.