పొగబండి మొదలు విమానము వఱకు

పటాన్‌చెరువునకు చేరువనున్న రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము గలదు. ఆవిరితో దిరుగు టర్బైనుల నచ్చట చేయుట 1960ల దశకమున ఆరంభమైనది. అంతకు చాలకాలము మున్నే, 1874వ సంవత్సరమున, దాపుననున్న లింగంపల్లిమీదుగా సికింద్రాబాదు-వాడి రైలుమార్గము తెఱవబడినది. అది సాలార్‌జంగు నిజాముగారికి దివానుగా నున్నకాలము. వాడియొద్ద నీ మార్గము బొంబాయి-మదరాసు మార్గముతో గలియుటచే, సముద్రములేని యీ సీమకు రేవుల దారి దొరకినది. మన పూర్వులు ఆ బండిని పొగబండి యనిరి.

దానికి ప్రాణ మెయ్యది? కుండలో నీరు మఱగునపుడు మూతను పైకి దన్నునట్టి బలమే. బొగ్గుమంటచే బాయిలరులోని నీరు ఆవిరియగును. ఆవిరి పిస్టనును ముందునకును వెనుకకును ద్రోయును. ఆ కదలికను కడ్డీలు చక్రములకందించును. తరువాత పిస్టనును ద్రోయుటకు మాఱుగా ఱెక్కలుగల చక్రమునే ఆవిరితో త్రిప్ప నేర్చిరి. అదియే టర్బైను. ఆవిరికి బదులుగా, చమురు మండగా బుట్టిన వేడివాయువుతో నట్టి చక్రమును త్రిప్పి, దానికి పంకాను గూర్పగా, విమానమునకు క్రొత్తబలము గలిగినది.

అట్టి విమాన మొకటి విశాఖపట్టణమున సముద్రపుటొడ్డున నిలుపబడియున్నది. దాని పేరు టి.యు. 142. సోవియట్ దేశమున చేయబడినది. ఇంజనులు నాలుగు. ఱెక్కల కొననుండి కొనకు సుమారు 50 మీటర్లు. ఈ తరగతి విమానములు 1988 మొదలు 2017 వఱకు 29 ఏండ్లు మన నౌకాదళమున జలాంతర్గాములను వెదకుచు కావలి గాచినవి. పిమ్మట దీనిని భాగములుగా విప్పి, ఒడ్డునకు జేర్చి, మరల గూర్చి, 2017 డిసెంబరులో ప్రదర్శనశాలగా దెఱచిరి.

పొగబండ్లకును ఢిల్లీలో 1977లో తెఱచిన జాతీయ రైలు మ్యూజియము గలదు. 1855లో ఇంగ్లండున చేయబడిన ఫెయిరీ క్వీన్ అను ఇంజను 1909లో పని చాలించి, 1997లో మరల పట్టాలపై నడచినది. ఇనుము మిగిలియుండుటచేతనే యది నడువలేదు. బాయిలరు మర్మమెఱిగిన చేతులు దేశమున నింకను మిగిలియుండుటచే నడచినది.

మన దేశమున ఆవిరి ఇంజనుల నిర్మాణము 1972తో ముగిసినది. బొగ్గు వేసినవారును, బాయిలరు దుడిచినవారును ఏటేట తఱుగుచున్నారు. ప్రదర్శనశాల యంత్రమును కాపాడును గాని, దానిని నడిపిన నేర్పును కాపాడజాలదు. మీ యూళ్లలో నట్టివారున్నచో, పిల్లలను వారి చెంత గూర్చుండబెట్టి, వారు చెప్పినదంతయు నేడే వ్రాయింపుడు.