నిప్పు తగలని ఆహారం: 1929 నాటి ప్రయోగం, దాని ముందువెనుకలు

శ్రీరామనవమి నాడు తెలుగునాట చేసే వడపప్పు, పానకం మీకందరికీ తెలిసినవే. పెసరపప్పును రెండు మూడు గంటలు నానబెట్టి, నీళ్లు వంచేసి, కొబ్బరికోరు, పచ్చిమామిడి ముక్కలు, కాస్త ఉప్పు కలిపితే వడపప్పు. బెల్లం కరిగిన నీళ్లలో మిరియాల పొడి, ఏలకుల పొడి వేస్తే పానకం. పొయ్యి వెలిగించే పని లేదు. కర్ణాటకలో ఈ వడపప్పుకు దగ్గరి చుట్టం కోసంబరి. బెంగాల్‌లో నానిన శనగలు బెల్లంతో తింటారు. ఉత్తరాదిన కుస్తీ పట్టే అఖాడాల్లో నానబెట్టిన శనగలు, బాదంపప్పులు తరతరాల తిండి.

ఇవాళ పెద్ద దుకాణాల్లో ఇలాంటి చిరుతిళ్ల పొట్లాల మీద మూడు మాటలు కనిపిస్తున్నాయి: 'రా', 'వీగన్', 'గ్లూటెన్ ఫ్రీ'. అంటే పచ్చిది, జంతువుల నుంచి వచ్చినదేదీ కలవనిది, గ్లూటెన్ లేనిది అని. మూడూ పక్కపక్కన అచ్చు వేయడంతో ఒకే విషయమేమో అనిపిస్తుంది. కాని వీటి చరిత్రలు వేరు. మొదటిది ఒక వైద్య విశ్వాసంలో పుట్టింది, రెండోది ఒక నైతిక ప్రశ్నలో, మూడోది పిల్లల ఆసుపత్రి వార్డులో. ఈ పాఠంలో మనం మొదటిదాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాం. ఎందుకంటే, దానిపై మన దేశంలో జరిగిన అతి ప్రసిద్ధమైన ప్రయోగానికి ప్రేరణ రాజమండ్రిలో దొరికింది.

రాజమండ్రి నుంచి సబర్మతికి

పందొమ్మిదో శతాబ్దం చివర జర్మనీలో లూయీ కూనే అనే ప్రకృతి వైద్యుడు కటిస్నానాలు, మితాహారంతో రోగాలు నయమవుతాయని ప్రచారం చేశాడు. ఆయన పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ 1894లోనే తెలుగులోకి తెచ్చారు. భారతీయ భాషల్లో ఈ వైద్యానికి తొలి అడుగుల్లో అదొకటి. ఆంధ్ర ప్రాంతంలో ప్రకృతి చికిత్సాలయాలు వెలసిన నేపథ్యం ఇదే.

గాంధీజీకి ఈ ఆలోచన అప్పటికి కొత్త కాదు. లండన్ శాకాహార సంఘానికి అధ్యక్షుడైన ఏ. ఎఫ్. హిల్స్ అనే ఓడల వ్యాపారి 'ప్రాణాహారం' అనే సిద్ధాంతం చెప్పేవాడు. వండితే ఆహారంలోని జీవశక్తి పోతుందన్నది దాని సారం. 1893 ఆగస్టులో, ఇంకా ఇరవై నాలుగు నిండని గాంధీ ప్రిటోరియాలో దాన్ని తన మీదే పరీక్షించుకున్నారు. సుమారు పది రోజులు నానిన గోధుమలు, ఎండుద్రాక్ష, గింజలు, పండ్లు తిన్నారు. నీరసం తట్టుకోలేక మానేశారు. ఆ రోజుల లెక్కంతా రాసి, మరుసటి ఏడాది లండన్ శాకాహార పత్రికలో అచ్చు వేయించారు.

ముప్పై ఆరేళ్ల తర్వాత, 1929లో, ఖద్దరు నిధి కోసం ఆంధ్ర పర్యటనకు వచ్చిన గాంధీజీ రాజమండ్రిలో సుందరం గోపాలరావు గారిని కలిశారు. ఆయన అక్కడ ప్రకృతి చికిత్సాలయం నడుపుతున్నారు. కటిస్నానాలు కూడా ఒక రకంగా కృత్రిమమే, రోగం పోవాలంటే తిండికి నిప్పు తగలకూడదు, మొలకెత్తిన గింజలే అసలైన ఆహారం అన్నది ఆయన వాదన. దీర్ఘకాలపు అజీర్ణంతో బాధపడే ముసలివాళ్లకు కూడా నయమైందని చెప్పారు. అప్పుడు గాంధీజీ వయసు 59. ఆయన వెంటనే మొదలుపెట్టారు.

ఏం తిన్నారో 1929 జూన్ 13 నాటి 'యంగ్ ఇండియా'లో తూకాలతో సహా రాశారు. రోజుకు 8 తులాల మొలకెత్తిన గోధుమలు, 8 తులాల బాదంపప్పు ముద్ద, 8 తులాల దంచిన ఆకుకూర, 6 నిమ్మకాయలు, 2 ఔన్సుల తేనె. తులమంటే సుమారు 11.7 గ్రాములు, అంటే ఒక్కొక్కటీ 93 గ్రాములకు కాస్త అటూఇటూ. వారంలో రెండు మూడు రోజులు గోధుమల బదులు మొలకెత్తిన శనగలు, ఆ రోజు బాదం బదులు కొబ్బరిపాలు. గింజలను 24 గంటలు నానబెట్టి, నీళ్లు వడగట్టి, తడి ఖద్దరు గుడ్డలో రాత్రంతా ఉంచడం మొలకల పద్ధతి. నిప్పు తగిలింది ఒక్క నీళ్లకే, నిమ్మరసం, తేనె కలుపుకోవడానికి.

ఆ శనగల రోజు పట్టీని మళ్లీ చూడండి. శనగ మొలకలు, కొబ్బరిపాలు, ఆకుకూర, నిమ్మ. తేనె ఒక్కటి తీసేస్తే నేటి పొట్లం మీది మూడు మాటలకూ సరిపోతుంది. 1929లో ఆ మూడు మాటల్లో రెండింటిని ఎవరూ వాడేవారు కాదు.

ఈ ప్రయోగాన్ని కేవలం ఆహార చాదస్తమని కొట్టేస్తే చరిత్రకు అన్యాయం చేసినట్టే. ఇది ఫలిస్తే స్త్రీలకు వంటింటి చాకిరీ తప్పుతుందని, పేదవాడికి కట్టెల ఖర్చు, కాలం మిగులుతాయని గాంధీజీ లెక్క. పొగపొయ్యి ముందు ఊదుతూ జీవితం గడిపే కోట్ల మంది తల్లులున్న దేశంలో ఆ లెక్కకు విలువ ఉంది.

ఆగస్టు వచ్చేసరికి ఆయనకు జిగట విరేచనాలు పట్టుకున్నాయి. మేకపాలతో కూడిన తిండికి తిరిగి రావలసి వచ్చింది. ఆ సంగతి కూడా అదే పత్రికలో ప్రకటించారు. తన నమ్మకం మాత్రం పోలేదన్నారు. మొదలుపెట్టిన సంగతి ఎంత వివరంగా చెప్పారో, ఆగిపోయిన సంగతీ అంతే బాహాటంగా చెప్పడం నాకు ఈ కథలో బాగా నచ్చే భాగం. అయితే ఒక సైన్సు విద్యార్థి మరో ప్రశ్న వేయాలి. ఒకే మనిషి, పోల్చి చూడటానికి మరో బృందం లేదు. అలాంటి ప్రయోగం ఏ పదార్థం మేలు చేసిందో చెప్పదు, ఏది కీడు చేసిందో కూడా చెప్పదు.

ముట్టడిలో బయటపడ్డ నిజం

పోల్చి చూడటం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఒక పదమూడేళ్లు వెనక్కి, మొదటి ప్రపంచ యుద్ధ కాలపు మెసపొటేమియాకు వెళ్లాలి. 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ 29న లొంగిపోయేదాకా కూత్ పట్టణంలో బ్రిటిష్ ఇండియా సేన తుర్కుల ముట్టడిలో చిక్కుకుంది. ఒకే కోటలో రెండు రకాల తిండి. తెల్లపిండి రొట్టె తిన్న బ్రిటిష్ సైనికుల్లో బెరిబెరి కనిపించింది. తవుడుతో కూడిన ఆటా తిన్న భారతీయ సైనికులు బెరిబెరి నుంచి తప్పించుకున్నారు. కాని చిగుళ్లు వాచి నెత్తురు కారే స్కర్వీ వారిని పట్టుకుంది. గుర్రపు మాంసం తెల్లవారు తిన్నారు, మనవాళ్లలో చాలామంది చివరి రోజుల దాకా ముట్టలేదు. ఎవరూ కావాలని చేయని ప్రయోగం అది. ఒక్కొక్క రోగానికి ఒక్కొక్క లోపం కారణమని కళ్లకు కట్టింది.

మరి ఎడారిలో ఉన్న సేనకు తాజా పండ్లు ఎలా పంపాలి? ఎండు పప్పుధాన్యాల్లో స్కర్వీని ఆపే గుణం లేదు గాని, మొలకెత్తితే వస్తుందని నార్వేలో ఫ్యూర్స్ట్ 1912లో గినీ పందులపై చూపించాడు. లండన్ లిస్టర్ సంస్థలో హారియెట్ చిక్, మార్గరెట్ హ్యూమ్ దాన్ని ముందుకు తీసుకెళ్లి, సేనలకు మొలకెత్తిన పప్పులు పెట్టమని 1917లో సూచించారు. స్కర్వీ సోకిన సెర్బియా సైనికులను రెండు బృందాలుగా విడదీసి, ఒక బృందానికి నిమ్మరసం, మరో బృందానికి మొలకెత్తిన చిక్కుడు గింజలు ఇచ్చి చూసిన విల్ట్‌షైర్, మొలకలు ఏమాత్రం తీసిపోలేదని 1918లో ప్రకటించాడు. మన దేశంలోనే హిస్సార్ కరువులో, 1940కి అటూఇటూగా, స్కర్వీ చెలరేగినప్పుడు మొలకెత్తిన శనగలనే పంచారు.

గింజలో జరిగేదేమిటంటే, నీరు తగలగానే నిద్రలో ఉన్న పిండం మేలుకొంటుంది. ఎంజైములు తయారై పిండిపదార్థాన్ని చక్కెరలుగా, మాంసకృత్తులను చిన్న ముక్కలుగా విరుస్తాయి. విటమిన్ సి కొత్తగా తయారవుతుంది. ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్ తగ్గుతుంది. గోపాలరావు గారు మొలకల మీద పెట్టుకున్న నమ్మకంలో ఈ మేరకు నిజం ఉంది. ఇక్కడ ఒక చిన్న మాట: వడపప్పు ఎంత నానినా మొలకెత్తదు. పొట్టు తీసి బద్దలు చేసిన గింజలో పిండం నిలవదు. మొలకలకు పొట్టుతో ఉన్న నిండు పెసలే కావాలి.

నిప్పు ఎందుకు కావలసి వచ్చింది

అయితే మొలకల మేలు చూసి వంటంతా దండగ అనుకోరాదు. అమెరికాలో ఆస్‌బార్న్, మెండెల్ 1917లో ఎలుకలకు పచ్చి సోయా పెడితే అవి సరిగా ఎదగలేదు, ఉడికించి పెడితే ఎదిగాయి. పచ్చి సోయాలో మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డుకునే పదార్థం ఉందని తర్వాత తేలింది. రాజ్మా మరీ ప్రమాదం. నాలుగైదు పచ్చి గింజలు చాలు వాంతులు కావడానికి. బంగాళాదుంప, బియ్యంలాంటి వాటిలోని పిండిపదార్థం వేడికి ఉబ్బి మెత్తబడితేనే మన పేగులకు బాగా లొంగుతుంది.

ఇంకొకటి, మొలకకు కావలసిన తడి, వెచ్చదనం బాక్టీరియాకు కూడా ఇష్టమే. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా పాకిన ఈ. కోలై వల్ల సుమారు 4,000 మంది జబ్బు పడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. కాబట్టి ఇంట్లో చేసేటప్పుడు పెసలను మంచినీళ్లతో మూడు నాలుగుసార్లు కడగండి. రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు వంచి, ఉడికించి ఆరబెట్టిన పలుచని గుడ్డలో కట్టండి. పూటకోసారి కడుగుతూ ఉంటే మరునాటికి మొలక వస్తుంది. అదే రోజు తినేయండి. జిగురుగా ఉన్నా, వాసన వచ్చినా పారేయండి. పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు పచ్చివి పెట్టకుండా బాగా ఉడికించి పెట్టడమే మంచిది. నిమ్మరసం, కొబ్బరి, కొత్తిమీర చివర్లో కలిపితే రుచి ఎక్కడికీ పోదు.

ఇక్కడే మరో తికమక. 'పొయ్యి అవసరం లేనిది' వేరు, 'నిప్పు తగలనిది' వేరు. అటుకులు వేడి తగిలాకే అటుకులవుతాయి. బెల్లం గంటల తరబడి పెనంలో మరిగినదే. పానకాన్ని పట్టుబట్టి పచ్చిదనడం కుదరదు. నువ్వులు, బెల్లం కలిపి దంచే చిమ్మిలి సంగతీ అంతే. రుచిలో మాత్రం దానికి ఏ లోటూ లేదు.

పాల ప్రశ్న

రెండో మాట 'వీగన్' 1944లో ఇంగ్లండులో పుట్టింది. పాలు, గుడ్లు కూడా మానేసిన డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు 'వెజిటేరియన్' అనే ఇంగ్లీషు మాట మొదటి అక్షరాలను, చివరి అక్షరాలను కలిపి దీన్ని తయారు చేశారు. గాంధీజీ అంతకు చాలా ముందే, 1912లో, టాల్‌స్టాయ్ ఫారంలో పాలు మానేశారు. 1918లో ప్రాణం మీదికి వచ్చిన జబ్బు తర్వాత మేకపాలకు ఒప్పుకున్నారు. ఆ రాజీ ఆయనను చివరిదాకా బాధించింది. పాలకు సరిసమానమైన వృక్షాహారం కనిపెట్టమని వైద్యులను పదేపదే అడిగారు.

ఆ సమాధానంలో ముఖ్యమైన ముక్క ఆయన మరణించిన సంవత్సరంలోనే బయటపడింది. 1948లో అమెరికా, ఇంగ్లండు శాస్త్రజ్ఞులు విడివిడిగా విటమిన్ బి12ను వేరుచేశారు. దాన్ని తయారు చేసేవి సూక్ష్మజీవులు మాత్రమే. పాలలో, మాంసంలో ఉంటుంది. మొలకల్లో, ఆకుకూరల్లో, బాదంలో ఉండదు. 1929 నాటి మూడు నెలల వైఫల్యానికి ఇది కారణం కాదు, ఎందుకంటే కాలేయంలో దీని నిల్వ ఏళ్ల తరబడి సరిపోతుంది. కాని జీవితమంతా పాలు మానేసేవారు బి12ను మాత్ర రూపంలోనో, అది కలిపిన ఆహారంలోనో విడిగా తీసుకోవలసిందే. ఏ నమ్మకమూ దానికి బదులు కాదు.

గోధుమ కథ

మూడో మాటకు వద్దాం. నెదర్లాండ్స్‌లో విలెం డికే అనే పిల్లల వైద్యుడు, కొందరు పిల్లలు ఎంత తిన్నా చిక్కిపోవడానికి, ఆగని విరేచనాలకు గోధుమే కారణమని 1930ల నుంచే అనుమానించాడు. 1944-45 చలికాలంలో జర్మన్ ఆక్రమణలో దేశం ఆకలితో మాడింది, రొట్టె దొరకలేదు. అందరూ చిక్కిపోతుంటే ఈ పిల్లలు నిలదొక్కుకున్నారు. రొట్టె తిరిగి వచ్చాక జబ్బూ తిరిగి వచ్చింది. డికే 1950లో తన పరిశోధనను ప్రకటించాడు. సీలియాక్ వ్యాధికి గోధుమ, బార్లీ, రైలలోని గ్లూటెన్ కారణమని ఆ తర్వాత స్థిరపడింది.

సీలియాక్ ఉన్నవారికి ఇది జీవితకాలపు నియమం. గోధుమ మొలకెత్తినంత మాత్రాన గ్లూటెన్ పోదు కాబట్టి, 1929 నాటి గోధుమ మొలకలు వారికి విషంతో సమానం. వరి, జొన్న, సజ్జ, రాగి, కొర్రల్లో గ్లూటెన్ లేదు. తెలుగువారి పాత వంటల్లో చాలా భాగం ఈ లెక్కన సహజంగానే సరిపోతుంది. కాని గోధుమలు పట్టిన పిండిమరలోనే జొన్నలు పట్టిస్తే పిండి కలుస్తుంది. డబ్బాలో దొరికే ఇంగువ పొడిలో తరచు గోధుమపిండి కలుపుతారు. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములు మించకుంటేనే 'గ్లూటెన్ ఫ్రీ' అని అచ్చు వేయాలి. ఈ వ్యాధిగానీ, గోధుమ పడని మరో ఇబ్బందిగానీ లేనివారికి ఆ ముద్ర ఉన్న పొట్లం వల్ల ప్రత్యేక లాభం లేదు, ధర మాత్రం ఎక్కువ.

గ్లూటెన్‌ను మొదట వేరుచేసిన బొలోన్యా ఆచార్యుడు బెక్కారీ పద్ధతి 1745లో అచ్చయింది. మీ ఇంట్లోనే చేసి చూడవచ్చు. గుప్పెడు గోధుమపిండిని ముద్దగా కలిపి, అరగంట నాననిచ్చి, గిన్నె నీళ్లలో మెల్లగా పిసుకుతూ కడగండి. తెల్లని గంజి నీళ్లలోకి పోతుంది, చేతిలో జిగటగా సాగే ముద్ద మిగులుతుంది. తర్వాత రాగిపిండితో అదే చేయండి. నీళ్లు రంగు మారతాయి, చేతిలో ముద్ద నిలవదు.