అరవై ఏళ్ళ లెక్క ఎక్కడిది?

పాత తెలుగు పుస్తకాల ముఖపత్రం మీద తరచు ఒక మాట కనిపిస్తుంది: ‘సర్వస్వామ్య సంకలితము’. అన్ని హక్కులూ గ్రంథకర్తవేనని దానర్థం. ఆ స్వామ్యానికి గడువు ఉంది. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి అరవై ఏళ్ళు లెక్కపెట్టాలి. ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో పోయారు కాబట్టి ‘మాలపల్లి’ 2019 జనవరి 1న అందరిదీ అయింది. నెహ్రూ రచనలు 2025 జనవరి 1న అయ్యాయి. పాత పుస్తకాలు స్కాన్ చేసి, పేజీ పేజీ టైపు చేసి వికీసోర్స్‌లో పెట్టే నాలాంటివాళ్ళకు ఏటా ఆ రోజు పండగే.

అయితే అరవై ఎందుకు? ముప్ఫై కాదేం, వంద కాదేం? ఈ అంకె వెనకాల ఏదో న్యాయసూత్రం ఉంటుందని చాలాకాలం అనుకున్నాను. వెతుక్కుంటూ పోతే సూత్రమేమీ దొరకలేదు గానీ, ఒక కథ దొరికింది.

అది లండన్‌లో మొదలవుతుంది. 1557లో రాజశాసనం పొందిన స్టేషనర్స్ కంపెనీ అనే పుస్తకవ్యాపారుల సంఘం చేతిలోనే అక్కడి అచ్చుపని ఉండేది. సంఘం పుస్తకంలో ఎవరు నమోదు చేయించుకుంటే ఆ గ్రంథం వాళ్ళది. రాసినవాడి ఊసే లేదు. 1710లో ఆన్ రాణి కాలంలో వచ్చిన చట్టం మొదటిసారి రచయితను హక్కుదారుగా నిలబెట్టింది. పద్నాలుగేళ్ళు, అప్పటికి బతికి ఉంటే మరో పద్నాలుగేళ్ళు. వ్యాపారులు దీనికి ఒప్పుకోలేదు. హక్కు శాశ్వతమని కోర్టుల చుట్టూ తిరిగారు. ఎడింబరోలో అలెగ్జాండర్ డొనాల్డ్‌సన్ అనే ప్రచురణకర్త గడువు తీరిన పుస్తకాలను చవగ్గా అచ్చు వేసి అమ్మేవాడు. జేమ్స్ థామ్సన్ కావ్యం ‘సీజన్స్’ మీద ఆయనకూ లండన్ వ్యాపారులకూ నడిచిన తగువు ప్రభువుల సభ దాకా వెళ్ళింది. శాశ్వత హక్కంటూ ఏదీ లేదని 1774లో సభ తేల్చింది. పుస్తకం ఏదో ఒకనాడు జనం సొత్తు కావాలన్న మాటకు చట్టంలో స్థానం దొరికింది అప్పుడే.

అరవై అన్న అంకె తర్వాతి శతాబ్దంలో వచ్చింది. రచయిత పోయాక అరవై ఏళ్ళు హక్కు ఉండాలని టాల్ఫర్డ్ అనే సభ్యుడు పార్లమెంటులో ఏళ్ళ తరబడి పట్టుబట్టాడు. 1841లో లేచి దాన్ని ఓడించినవాడు మెకాలే. మన చదువుల్లో ఇంగ్లీషుకు పీట వేసిన 1835 నాటి నివేదిక రాసిన మెకాలేయే. కాపీరైట్ అంటే రచయితకు కూలి ఇవ్వడం కోసం పాఠకుల మీద వేసే పన్ను అని ఆయన వాదం. పన్ను అవసరమే, కానీ అవసరానికి మించి ఒక్కరోజు కూడా వెయ్యకూడదు. అరవై ఏళ్ళ తర్వాత లాభపడేది రచయిత కాదు, హక్కులు కొనుక్కున్న ఏ వ్యాపారో. పుస్తకం నచ్చని వారసుడి చేతిలో పడితే అది అచ్చుకే నోచుకోకపోవచ్చు కూడా. మెకాలే మీద మనకు ఎన్ని ఫిర్యాదులున్నా ఈ విషయంలో ఆయన చూపు సరైనదే.

మనకు ఈస్టిండియా కంపెనీవాళ్ళు 1847లో ఒక చట్టం చేశారు. బ్రిటన్ 1911లో పెట్టుకున్న యాభై ఏళ్ళ గడువే 1914 చట్టంతో ఇక్కడికీ వచ్చింది. స్వతంత్ర భారతం 1957లో సొంత చట్టం రాసుకున్నా యాభై యాభైగానే ఉండిపోయింది.

దాన్ని కదిలించినది ఒక్క కవి. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941 ఆగస్టు 7న పోయారు. ఆయన రచనల హక్కులు విశ్వభారతి దగ్గర ఉన్నాయి. 1991 డిసెంబరు 31తో గడువు తీరాలి. కవి రచనలను, పాటలను ఎవరుపడితే వాళ్ళు ఇష్టం వచ్చినట్టు మారుస్తారన్న భయంతో గడువు పెంచమని ఒత్తిడి వచ్చింది. మూడు రోజుల ముందు, డిసెంబరు 28న, పది సంవత్సరాలు కలుపుతూ ఆర్డినెన్సు వచ్చింది. 1992లో అది చట్టమైంది. ఒక్క ఠాగూర్ కోసమని రాయలేరు కదా, దేశంలోని రచయితలందరికీ అరవై అయింది. విశ్వభారతి బెంగ నాకు అర్థమవుతుంది. కానీ ఆ పదేళ్ళూ గడిచి 2002లో ఆ రచనలు జనానికి చేరాయి, ఠాగూర్‌కు వచ్చిన లోటేమీ లేదు. అంకె మాత్రం మనకు మిగిలిపోయింది.

దాని బరువు ఎక్కడెక్కడ పడిందో చూడండి. త్రిపురనేని రామస్వామి చౌదరి 1943లో పోయారు. పాత లెక్కన 1994లో విడుదల కావలసిన రచనలు 2004 దాకా ఆగాయి. అంతటితో అయిపోలేదు. 1996 జనవరి 1 నాటికి స్వదేశంలో హక్కు సజీవంగా ఉన్న పరాయి దేశపు పుస్తకాలకు అమెరికా కొత్తగా రక్షణ ఇచ్చింది. పాతవాటికి అది ప్రచురణ నుంచి 95 ఏళ్ళు. మేం స్కాన్లు దాచే వికీమీడియా కామన్స్‌లో పుస్తకం పుట్టిన దేశంలోనూ అమెరికాలోనూ హక్కు తీరినవే పెట్టనిస్తారు. విశ్వభారతి కోసం కలిపిన పదేళ్ళ వల్ల, తెలుగునాట ఎప్పుడో విడుదలైన పుస్తకం ఇంకో ఖండంలో తాళం కింద ఉండిపోయే పరిస్థితి వచ్చింది.

అమెరికాలోనూ ఇదే తంతు. ఎరిక్ ఎల్‌డ్రెడ్ అనే ఆయన పాత పుస్తకాలను నెట్‌లో ఉచితంగా పెట్టేవాడు. 1923లో వచ్చిన రాబర్ట్ ఫ్రాస్ట్ కవితా సంపుటి కోసం ఎదురుచూస్తూ ఉంటే, 1998లో గడువును ఇరవై ఏళ్ళు పొడిగించారు. లారెన్స్ లెస్సిగ్ ఆయన తరఫున వాదించి 2003లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. చట్టం మారకపోతే రచయితే ముందుగా అనుమతి ఇచ్చేలా, కేసు నడుస్తుండగానే 2002లో లెస్సిగ్, మరికొందరు కలిసి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు తెచ్చారు. నేడు తెలుగులోనూ కొందరు రచయితలు తమ పుస్తకాలను అలా ఇస్తున్నారు. వాళ్ళకు చేతులెత్తి నమస్కరిస్తాను.

మన పుస్తకాలను ఇన్నాళ్ళూ బతికించినది నకళ్ళే. సి.పి. బ్రౌన్ లేఖకులకు జీతాలిచ్చి తాళపత్రాలకు ప్రతులు రాయించాడు. ఆ పని అప్పట్లో ఏళ్ళు పట్టేది, ఇప్పుడు ఒక పూట చాలు. కాగితం మాత్రం చట్టం కోసం ఆగదు. పేరున్నవాళ్ళ పుస్తకాలు ఎలాగూ అచ్చవుతూనే ఉంటాయి, నా బెంగ మిగతావాటి గురించి.

ఈమధ్య నా చేతికి ఒక నాటకం వచ్చింది. ముట్టుకుంటే అంచులు రాలుతున్నాయి. ‘సర్వస్వామ్య సంకలితము’ అన్న మాట చక్కగా ఉంది. రాసినాయన ఎప్పుడు పోయారో ఎక్కడా దొరకలేదు. ఆ తేదీ లేనిదే అరవై లెక్క మొదలుపెట్టలేను. ముఖపత్రం మీద ఊరి పేరు ఉంది. ఆ ఇంటిపేరు వాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడుగుతూ ఆ ఊరి గ్రంథాలయానికి ఉత్తరం రాశాను.