రంగము - కొరంగి: రెండు నామముల చరిత్రము

తూర్పుతీరమునందలి యాంధ్రులు బర్మాదేశపు మహానగరమును "రంగము" అని వ్యవహరించిరి. ఆ నగరమువా రాంధ్రులను "కొరంగీలు" అనిరి. నగరమునకు వచ్చినవారు పెట్టిన పేరొకటి, వచ్చినవారికి నగరము పెట్టిన పేరొకటి. వీని పుట్టుకను విచారించినచో, దేశాంతరముల ధాన్యవ్యాపారముచేఁ బెరిగిన యొక పట్టణము తన శ్రామికుల నెట్లు చూచెనో తెలియఁగలదు.

రంగశబ్దము సంస్కృతమున నాట్యస్థానమును జెప్పును. నగరనామమున కా యర్థముతో సంబంధము లేదు. 1755వ సంవత్సరమున అలౌంగ్‌ఫయా రాజు దగోన్ అను స్థలమును జయించి దానికి "యాంగోన్" అని పేరిడెను. వైరము ముగిసినదని దాని యర్థము. అది యాంగ్లేయుల నోట రంగూనై, మన జనవ్యవహారమున రంగమయ్యెను. ఇఁక రెండవ పేరు. కాకినాడకు దక్షిణమున, గోదావరి సాగరసంగమప్రాంతమున, ఓడల నిర్మాణమునకుఁ బ్రసిద్ధమైన కోరంగి రేవు గలదు. 1839 నవంబరునందలి తుఫానున నది ధ్వంసమయ్యెను. తరువాతి వలసలు కాకినాడ, విశాఖపట్టణము మొదలగు రేవులనుండి సాగినవి. అయినను శ్రీకాకుళపుఁ బల్లెనుండి పోయినవాఁడును కొరంగియే యయ్యెను. మంచెలు కేకలు వేయుచున్నవనఁగా మంచెలపై నున్నవారిని గ్రహించినట్లు, ఇచట రేవు పేరు లక్షణచే జనులకుఁ జెల్లినది. రేవు శిథిలమైనను లక్షణ నిలిచినది.

ఈ వలసకుఁ గారణము బియ్యము. 1852 యుద్ధముతో దక్షిణబర్మా యాంగ్లేయుల వశమయ్యెను. 1869లో సూయజు కాలువ తెఱవఁబడఁగా ఐరోపామార్గము దగ్గఱయయ్యెను. అప్పటికిఁ గొంతకాలము పూర్వము 10 లక్షల యెకరములకు లోఁబడియున్న దక్షిణబర్మా వరిసాగు 1930 తరువాతి సంవత్సరములలో 80 లక్షలు దాఁటెను. ధాన్యము దంచు మిల్లులకును, ఓడల కెత్తు రేవులకును మనుష్యులు కావలసిరి. మేస్త్రీలు పల్లెలలో బయానా లిచ్చి కూలీలను గూర్చి యోడ లెక్కించిరి. ఆ ఋణము తీఱువఱకుఁ గూలివాఁడు మేస్త్రీకి లోఁబడియుండెను. 1931 జనాభాలెక్కలో రంగూను జనులు సుమారు 4 లక్షలు. అందు సగమునకు మించి భారతీయులు. వారిలో స్త్రీలు మిక్కిలి తక్కువ. కావున నగరమున జనసంఖ్య వృద్ధియైనను, ఆంధ్రకూలీల కది కాఁపురస్థానము కాలేదు.

1929 పిమ్మట ప్రపంచమంతట ధరలు పడిపోయినవి. బర్మీయకృషీవలుల భూములు ఋణదాతల పాలుకాఁజొచ్చినవి. తరువాతి దశాబ్దమున ముఖ్యమైన వరిమండలములలో నాల్గవవంతు చెట్టియార్లకుఁ జెందెను. భూమి పోయినవాఁడు పట్టణమునకుఁ బనికై వచ్చెను. అచ్చటి పని కొరంగివాని చేత నుండెను. 1930 మే నెలలో రేవునందలి యాంధ్రులు కూలి హెచ్చింపుఁడని సమ్మె చేయఁగా, యజమానులు బర్మీయులను నియమించి, సమ్మె ముగియఁగానే వారిని దొలఁగించిరి. వెంటనే చెలరేఁగిన కొట్లాటలలో నూర్గురకు మించి మడసిరి. వారిలోఁ బెక్కండ్రు భారతీయులు. దీనిని కేవలము జాతివైరమని కొందఱందురు. అది సమగ్రము గాదు. ఒక్క కూలికై యిద్దఱు దరిద్రులను బోటీపెట్టిన విపణియే దీనికి మూలము.

1937లో బర్మా భారతమునుండి వేఱుపడెను. 1941 డిసెంబరు 23న రంగూనుపై జపానువారి బాంబులు పడఁగా, 1942లో లక్షలకొలఁది జనులు కొండదారులఁ గాలినడకను మరలిరి. వేలకొలఁది మార్గమునఁ జనిపోయిరి. 1962 సైనికప్రభుత్వము పిదప మఱల లక్షలమంది తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున బర్మాక్యాంపు అను పేట నేఁటికిని వారి వలసను స్మరింపఁజేయుచున్నది.

ఇట్లు పోవునపుడు రేవు పేరును, తిరిగివచ్చినపుడు విడిచిన దేశము పేరును వీరికి సంక్రమించినవి. శాసనములలో నెక్కని యీ కూలివారి చరిత్ర యిట్టి నామములలో నిలిచియున్నది. రాజుల బిరుదములవలెనే వీనిని గూడఁ జరిత్రకారులు సంగ్రహించి పరిశోధింపవలయును.